గంగి నిలబడిన చివర

గుల్నాజ్ ఇన్నేళ్లలో కొన్ని వేల బొమ్మలు గీసింది. వాటిలో జనానికి తెలిసినవి పన్నెండే. ఆ పన్నెండింటిలో ఒక పదేళ్ల పిల్ల తాటిదోనె మీద నిలబడి, గడను నీళ్లలోకి దించి, నడుం వంచి నెట్టి, మళ్లీ పైకి లాగుతుంది. ఒకదాని వెంట ఒకటి తిప్పితే దోనె సాగుతుంది. పన్నెండోది అయ్యాక మళ్లీ మొదటిది. ఈ పనిలో దాన్ని సైకిల్ అంటారు. ఒక్కసారి గీస్తే చాలు, ఎన్ని ఎపిసోడ్లకు కావాలంటే అన్నింటికీ అదే వాడతారు.

ఆ పన్నెండు బొమ్మల్లోనూ ఒకే తప్పు ఉంది.

గుల్నాజ్ పుట్టింది ఏలూరు తంగెళ్లమూడిలో, తివాచీలు నేసే ఇంట్లో. తండ్రి షంషుద్దీన్ మగ్గం ముందు గళ్ల కాగితం తగిలించుకుని, ఏ గడికి ఏ రంగు ఉన్ని ముడి వెయ్యాలో చూసుకుంటూ నేసేవాడు. ఆ కాగితం మీద గళ్లకు రంగులు నింపడం పిల్ల పని. ఒకసారి పువ్వు రేకు ఒక గడి పక్కకు జరిగింది. రెండు రోజుల పని అయ్యాక గాని ఆయన కంట పడలేదు. "ఎవరికి కనపడుతుంది నాన్నా" అంది గుల్నాజ్. ఆయన కత్తెర తీసుకుని, రెండు రోజుల నేతా ఆ వరస దాకా విప్పేశాడు.

డిగ్రీ మధ్యలో ఆగింది. ఫ్లెక్సీలు వేసే షాపులో కూర్చుని కంప్యూటర్ మీద గీత గీయడం నేర్చుకుంది. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. షాపు మూసే లోపు చేయి ఎంత తిరిగితే అంత. తర్వాత తాడేపల్లిగూడెంలో మల్టీమీడియా కోర్సు పెట్టారని తెలిసి చేరింది. రోజూ పొద్దున్న పాసింజరు బండి. ఆ బండిలోనే వీరదుర్గ కనపడింది.

వీరదుర్గది కొల్లేట్లో చినకొంగలంక. గట్టు మీద నడిచి, ఆటో ఎక్కి, ఏలూరు వచ్చి బండి అందుకునేది. ఎక్కిన దగ్గర్నుంచి మాటలే. భీమడోలు దాటేసరికి పెట్టెలో అందరి సంగతులూ ఆమెకు తెలిసిపోయేవి.

"నువ్వు గీస్తా ఉండు, నేను వాగుతా ఉంటాను" అంది రెండోరోజే. "ఇద్దరిలో ఒకరన్నా పని చేస్తున్నట్టు కనపడాలి కదే."

దుర్గ కోర్సు ఆరు నెలలకే మానేసింది. స్నేహం మానలేదు. ఆమెకు సొంతూళ్లోనే పెళ్లయింది, గుల్నాజ్ ఏలూరులోనే ఉండిపోయింది. ఇంట్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని, హైదరాబాదు స్టూడియోలకు బొమ్మలు గీసి పంపేది. పదేళ్లు అలా ఎవరెవరివో బొమ్మలు గీసింది. అన్నింట్లోనూ కొట్టేవాడు మగపిల్లాడు. ఆడపిల్ల ఉంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టేది, లేకపోతే ఇంకో ఆడపిల్లని చూసి కుళ్లుకునేది.

కొల్లేటి మీద సీరియల్ చేద్దాం, ఏమైనా ఉందా అని స్టూడియోలో ప్రసన్నకుమారి అడిగినప్పుడు గుల్నాజ్ ఇద్దరు పిల్లల్ని గీసి పంపింది. దోనె నడిపేది గంగి. నీళ్ల రంగు చూసి, పిట్టల కూత విని, ఏం రాబోతోందో చెప్పేది నీలి. వాళ్లకు మంత్రాలు రావు. ఆపదలో పడితే కాపాడటానికి అన్న రాడు, రాజు రాడు. గంగికి నీలి వస్తుంది, నీలికి గంగి వస్తుంది. బొమ్మలతో పాటు గంగి మాటలు ఎలా ఉండాలో తెలియడానికని, దుర్గ చేత ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పించి పంపింది.

"ఈ గొంతు ఎవరిదండీ?" అంది ప్రసన్నకుమారి. "ఇదే ఉంచేద్దాం."

అలా దుర్గ గంగి అయింది. నెలకోసారి తాడేపల్లిగూడెంలో ఒక రికార్డింగు గదికి వెళ్లి, గోడలకు కొట్టిన స్పాంజీ మధ్య నిలబడి, పదేళ్ల పిల్లలా అరిచి వచ్చేది.

గడ వేసే సైకిల్ కోసం దుర్గను హాల్లో నిలబెట్టింది గుల్నాజ్. బూజు కర్ర చేతికిచ్చి ఫోన్లో తీసింది. దుర్గ మడమ ఎక్కడ ఊనింది, భుజం ఎంత వంగింది, గడ పైకి వచ్చేటప్పుడు చేతులు ఎలా మారాయి, ఒక్కటీ వదలకుండా గీసింది. ఒళ్లంతా దుర్గదే. కాళ్ల కింద మాత్రం హాలు గచ్చే ఉంది, దోనె లేదు. దోనె ఫొటో వేరే సంపాదించి కింద పెట్టింది.

అక్కడే తప్పింది. తాటిమానుని నిలువునా తొలిస్తే దోనె. మొదలు వైపు బుర్రలా లావుగా, తనంత తాను మూసుకుని ఉంటుంది. కోసిన చివర సన్నం, తెరుచుకునే ఉంటుంది. ఆ నోరు బంకమట్టితో మెత్తుతారు. మనిషి బరువంతా మొదలు వైపే ఉండాలి, మట్టి చివర నీళ్లకు ఎత్తుగా తేలాలి. పట్నంలో పుట్టినదానికి పడవంటే సన్నంగా ఉన్నదే ముందు. ముందు నిలబడ్డదే ధైర్యమున్న పిల్ల. గుల్నాజ్ గంగిని మట్టి చివర నిలబెట్టింది. మట్టి అని తెలియక, ఆ చివర నున్నగా ముక్కు తీర్చింది.

మొదటి ఎపిసోడ్ వచ్చిన రోజు దుర్గ ఫోన్ చేసి పడీ పడీ నవ్వింది.

"ఒసే గుల్లూ, దోనె తిరగేశావే!"

"తప్పా?"

"తప్పే. అయినా బొమ్మేగా. నీ గంగి తాడిచెట్టు మీంచి దూకుద్ది కూడాను. మేమెవరం దూకుతున్నాం?"

గుల్నాజ్ కూడా నవ్వేసింది. అప్పటికే ఆరు ఎపిసోడ్లలో ఆ సైకిల్ వెళ్లిపోయింది. కత్తెర చేతిలోకి తీసుకోవలసిన రోజు అదే. తీసుకోలేదు.

సీరియల్ బాగా పోయింది. ఏడాదిలో రెండుసార్లు వేశారు, ఫోన్లలోకీ వచ్చింది. లంకల్లో పిల్లలు దుర్గ కనపడితే "గంగత్తా, ఒక్కసారి అరవ్వా" అని వెంటపడేవాళ్లు.

ఈ ఆగస్టులో ఒక మధ్యాహ్నం దుర్గ వాయిస్ మెసేజ్ పంపింది. ఎప్పుడూ నవ్వుతో మొదలయ్యేది, ఈసారి నవ్వు లేదు.

"గుల్లూ, పిల్లలు మట్టి వైపు నిలబడుతున్నారే. మా అన్నయ్య కూతురు సాయిదుర్గను ఇవాళ రెండు దెబ్బలేశాను. గంగి అక్కడే నిలబడుద్ది కదా అంటది. చెరువుల్లో మోకాలు లోతే కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు పైనుంచి నీళ్లొస్తున్నాయే."

నీళ్లొస్తున్న సంగతి గుల్నాజ్ చూస్తూనే ఉంది. ఏలూరు పక్కన, ఏడాదిలో సగం రోజులు ఎండి పడి ఉండే తమ్మిలేరు ఎర్రగా, చప్పుడు చెయ్యకుండా పోతోంది. ఆ నీళ్లన్నీ వెళ్లేది కొల్లేటికే.

ఆమె హైదరాబాదు ఫోన్ చేసింది. ప్రసన్నకుమారి ఓపిగ్గా అంతా వింది.

"గుల్నాజ్ గారూ, ఆ సైకిల్ నూట నలభై షాట్లలో ఉందండీ. చానెల్ వాళ్లు పాస్ చేసేశారు. వచ్చే సోమవారం నుంచి మళ్లీ వేస్తున్నారు, రోజూ సాయంత్రం అయిదున్నరకి."

"మేడమ్, పిల్లలు నేర్చుకుంటున్నారండీ."

"మన పిల్లలు కార్టూన్ చూసి గోడలు దూకుతున్నారాండీ?"

"గోడ దూకడం ఎలాగో మనం చూపించలేదండీ. గడ వెయ్యడం నేర్పాం. కాళ్లూ చేతులూ అన్నీ నిజంగా ఉన్నాయి. అందుకే నమ్ముతున్నారు."

"మీరు కొత్త సైకిల్ చేసి పంపండి. నేను అడిగి చూస్తాను. మాట ఇవ్వలేను."

గుల్నాజ్ మర్నాడే చినకొంగలంక వెళ్లింది. ఈసారి ఫొటోతో సరిపెట్టదలచుకోలేదు. గట్టుకు రెండు పక్కలా నీళ్లు. కిందటిసారి పొలంలా పచ్చగా పరుచుకుని ఉన్న గుర్రపుడెక్క అంతా తూర్పుకు కొట్టుకుపోయి ఒకచోట గుట్టపడింది. పిట్టలు లేవు. ఎప్పుడూ గోలగా ఉండే చోట అంత నెమ్మది ఆమెకు నచ్చలేదు.

దుర్గ తల్లి వరమ్మ గట్టు వారన కూర్చుని దోనె చివరకు మట్టి మెత్తుతోంది. వరిగడ్డి ముక్కలు కలిపిన బంకమట్టి, చపాతీ పిండిలా పిసికి, బొటనవేలితో లోపల్నుంచి నొక్కుతోంది.

"ఎన్నాళ్లుంటుంది పిన్నిగారూ ఇది?"

"నీళ్లు తగలకపోతే నెల్లాళ్లుంటదమ్మా. తగిలితే బీడీ కాల్చినంత సేపు." ఆమె తలెత్తకుండానే అంది. "నువ్వేనా ఆ బొమ్మలేసేదానివి? మా మనవరాలు నీ బొమ్మని నమ్మినంత నన్ను నమ్మట్లేదు."

గుల్నాజ్ ఒక ముద్ద మట్టి అడిగి తీసుకుని, చేతిలో పిసికి చూసింది. తర్వాత దుర్గతో దోనె ఎక్కి, మొదలు వైపు కాలు పెట్టగానే మట్టి చివర జానెడు పైకి లేవడం తన ఒంటితో తెలుసుకుంది. ఇంటికి వచ్చి తొమ్మిది రోజులు గీసింది. పన్నెండు బొమ్మలూ కొత్తవి. ఈసారి మట్టిని మట్టిలాగే, వేళ్ల గుర్తులతో సహా గీసింది. ఈలోగా సోమవారం వచ్చింది. పాతవి టీవీలో మళ్లీ మొదలయ్యాయి.

పంపే ముందు పిల్లలకు చూపించాలనుకుంది. ఆదివారం పొద్దున్న లాప్‌టాప్ తీసుకుని లంకకు వెళ్లింది. గట్టు సగం మునగడంతో చివరి ఫర్లాంగు దుర్గ దోనెలో ఎక్కించుకుపోయింది. అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలు చుట్టూ చేరారు. సాయిదుర్గ అందరికంటే ముందు, స్నేహితురాలు స్నేహలత భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఊళ్లో వాళ్లిద్దర్నీ గంగీ నీలీ అనే పిలుస్తారు.

గుల్నాజ్ కొత్త సైకిల్ తిప్పింది. పిల్లలు చూశారు. ఎవరూ నవ్వలేదు.

"ఇది తప్పు ఆంటీ" అంది సాయిదుర్గ.

"ఇదే సరైనదమ్మా. మీ నాయనమ్మని అడుగు."

"గంగి అటు నిలబడదండీ. అటు నిలబడేది ముసలాళ్లు." పిల్లలు కిసుక్కున నవ్వారు. "గంగికి భయం లేదు కదా, అందుకే ఇటు చివర నిలబడుద్ది."

"భయం సంగతి కాదమ్మా, అక్కడ మట్టి..."

"టీవీలో మట్టి లేదు కదండీ."

మట్టి గీయనిది గుల్నాజే. బొమ్మ మారిస్తే తప్పు పోతుందనుకుంది. వీళ్లకు తప్పు కొత్త బొమ్మలో కనపడుతోంది.

లోపల దుర్గ టీ పెడుతోంది. గుల్నాజ్ లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని తల ఎత్తేసరికి సాయిదుర్గ లేదు. స్నేహలత గట్టు చివర నిలబడి చెయ్యి ఊపుతోంది.

"ఆంటీ! చూడండి! సాయి నిజంగా చేసి చూపిస్తది!"

వరమ్మ దోనె అప్పటికే గట్టు వదిలి ఇరవై గజాలు పోయింది. చెరువు, కాలవ అన్న తేడా లేకుండా అంతా ఒకటే నీరు. ఆ పిల్ల మట్టి చివర నిలబడి గడ దించింది, నడుం వంచింది, నెట్టింది. ఆ మడమ ఊనడం, ఆ భుజం వాలడం గుల్నాజ్ గీసినవే. ఒకటి, రెండు, మూడు. తన పన్నెండు బొమ్మలూ వరసగా ఎదురుగా కదులుతున్నాయి.

"దుర్గా!"

దుర్గ పరిగెత్తుకొచ్చింది. "ఒసే సాయీ! అటు జరగవే! మొదలు వైపుకి జరుగు!"

పిల్ల వెనక్కి తిరిగి నవ్వింది. మేనత్త అరుపులు ఆమెకు కొత్త కాదు. మళ్లీ గడ వేసింది. గడ నేల అందక చాలా లోపలికి పోయింది. మట్టి చివర నీళ్లలో కుంగింది. అక్కణ్నుంచి ఎర్రగా ఒక చార బయలుదేరడం గుల్నాజ్ చూసింది. మట్టి కరుగుతోంది.

స్నేహలత నీళ్లలోకి దిగబోయింది. నీలి అలాగే దిగుతుంది, పదిహేడో ఎపిసోడ్లో. గుల్నాజ్ ఆ పిల్ల జబ్బ పట్టుకుని వెనక్కి లాగి, దుర్గ వైపు తిరిగింది.

"నువ్వు పిలిస్తే రాదే. గంగిలా పిలువు!"

దుర్గ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత తాడేపల్లిగూడెం గదిలో స్పాంజీ గోడల మధ్య అరిచే ఆ సన్నని, మొండి గొంతు నీళ్ల మీదకు పోయింది.

"సాయీ! గడ వదిలెయ్! కూచో! కూచుని లావు వైపుకి పాకు! నేను చెప్తున్నా, గంగిని చెప్తున్నా!"

సాయిదుర్గ మొహంలో నవ్వు పోయింది. గడ వదిలింది. కూర్చుంది. చేతుల మీద పాకుతూ మొదలు వైపు పోయింది. మట్టి చివర పైకి లేచింది, కాని అప్పటికే ముద్ద సగం ఊడి, దోనె నడుం దాకా నీళ్లు పట్టాయి. దుర్గ గట్టుకు కట్టి ఉన్న ఫైబర్ పడవ విప్పుకుని చేరేసరికి పిల్ల దోనె బుర్ర మీద బోర్లా పడుకుని రెండు చేతులతో కావిలించుకుని ఉంది. దోనె పక్కకు ఒరిగిపోతోంది. జుట్టు పట్టుకుని పడవలోకి లాగింది.

గట్టెక్కించాక పిల్లను ఎవరూ కొట్టలేదు. వరమ్మ తల తుడుస్తూ ఉండిపోయింది. స్నేహలత వచ్చి సాయిదుర్గ చెయ్యి పట్టుకుని కూర్చుంది. దుర్గ దూరంగా పోయి గట్టు మీద కూలబడింది. గుల్నాజ్ పక్కన కూర్చుంది.

"నా మాట వినలేదే" అంది దుర్గ. "అది నా కళ్ల ముందు పుట్టింది. నా మాట కాదు, గంగి మాట వింది."

"దాని మాట నీదేగా."

"అదేనే నా భయం. ఈ కొల్లేట్లో ఎన్ని ఇళ్లలో ఉంది నా గొంతు? ఎక్కడ నిలబడమని చెప్తా ఉందో?"

గుల్నాజ్ అక్కణ్నుంచే ప్రసన్నకుమారికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. సైకిల్ మారిస్తే చాలదనీ, గంగి ఒకసారి మట్టి చివర నిలబడి, మట్టి ఊడి, నీళ్లలో పడాలనీ, నీలి చెప్పిన మాట వినాలనీ అంది.

"గంగి పడకూడదండీ" అంది ప్రసన్నకుమారి. "చానెల్ వాళ్లు మొదట్లోనే రాసిచ్చారు. గంగి బలమైన పిల్ల. ఓడిపోతే పిల్లలు చూడరంటారు."

"తప్పు చేశానని చెప్పలేకపోతే అదేం బలమండీ? నేను గీసేస్తున్నాను మేడమ్. వేస్తే వెయ్యండి. వెయ్యకపోతే నాకు మళ్లీ పని ఇవ్వకండి."

"పంపండి. వచ్చే నెలలో వేయించగలనేమో చూస్తాను. అప్పటిదాకా పాతవి ఆపడం నా చేతిలో లేదండీ."

వచ్చే నెల. వాన తగ్గలేదు. కొల్లేటి నీరు రోజుకు వేలెడు పెరుగుతోంది.

మర్నాటి నుంచి ఇద్దరూ లంకలు తిరిగారు. పొద్దున్నంతా గుల్నాజ్ గంగి పడే బొమ్మలు గీసేది. మధ్యాహ్నం గట్టు దగ్గరకు వెళ్తే దుర్గ పడవ తెచ్చేది. పడవలో ఒక్కో ఊరికీ పోయి, బడి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి, దుర్గ గంగి గొంతుతో చెప్పేది: నేను తప్పు నిలబడ్డాను, మీరు నిలబడకండి. కొన్ని ఊళ్లలో పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఒక ఊళ్లో "నువ్వు గంగివి కాదు, ముసల్దానివి" అన్నారు. "ముసల్దాన్నేరా, అందుకే మునిగిపోకుండా ఇన్నాళ్లున్నా" అంది దుర్గ. ఇంకో ఊళ్లో అయిదున్నర అయిపోయింది. మాట్లాడుతుండగానే చుట్టుపక్కల ఇళ్లలోంచి టీవీ పాట మొదలై, ఒక్కసారిగా నాలుగు వైపులనుంచీ గంగి అరిచింది. పిల్లలు లేచి పరిగెత్తారు. దుర్గ తన గొంతుకే ఎదురు అరవలేక ఆగిపోయింది.

అలా పదకొండు లంకలు అయ్యాయి. ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్క దుర్గకు తెలుసు, చెప్పేది కాదు.

పన్నెండో ఊరి నుంచి వస్తుంటే దుర్గ హఠాత్తుగా గడ ఆపింది. దక్షిణాన, నీరూ మబ్బూ కలిసిపోయిన చోట ఒక దోనె. దాని మీద చిన్న మనిషి నిలబడి ఉంది. ఎవరి పిల్లో, ఏ ఊరో తెలియదు. గడ దిగుతోంది, లేస్తోంది.

"ఏ చివరే?" అంది గుల్నాజ్.

దుర్గ కళ్లు చికిలించి చూసింది. "తెలవట్లేదు."

దుర్గ నోటి చుట్టూ చేతులు పెట్టుకుని గంగిలా అరిచింది. ఎదురుగాలి ఆ కేకను వాళ్ల మీదకే తెచ్చి పడేసింది. ఇంకోసారి అరిచింది. దోనె ఆగలేదు.

గుల్నాజ్ రెండో గడ అందుకుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో ఆమె చేతులకు తెలుసు, గీసినవే. ఎంత బలంగా నెట్టాలో మాత్రం ఇప్పుడే తెలుస్తోంది. ఇద్దరూ పడవను దక్షిణానికి తిప్పారు.